సీడ్ కంటే ముందు కబురు రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది దివిసీమ. నాగాయలంక దగ్గర ఉప్పునీటి చెరువుల్లో నాలుగేళ్లుగా పండుగప్ప చేప పెంచుతున్నాను, అంతకు ముందు రొయ్య. మీ పేపర్లో రొయ్య ధర పడిందని, మేత రేటు పెరిగిందని వార్తలు వస్తూనే ఉంటాయి, అవీ మాకు కావాలి. చేపలకొచ్చే వైరస్ గురించి మాత్రం ఒక్క ముక్క చదివిన గుర్తు లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన సీజన్‌లో ఆరు వేల చేప పిల్ల (సీడ్) తెచ్చాను, అంగుళం సైజు. ఆక్సిజన్ కవర్లలో, మధ్యమధ్య ఐసు పెట్టి, రాత్రంతా వ్యాన్‌లో ప్రయాణం చేసి వచ్చింది. దించుకున్నప్పుడు చురుగ్గానే ఉంది, హాపాల్లో, అంటే చెరువులో కట్టే వల తొట్టెల్లో వదిలాం. పండుగప్ప పెంచేవాళ్లకు తెలుసు, మొదటి నెలంతా గ్రేడింగ్ పనే. పెద్ద పిల్ల పక్కనున్న చిన్న పిల్లను మింగేస్తుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి సైజులు విడదీయాలి. నాలుగో రోజు గ్రేడింగ్ చేస్తుంటే మా ఆవిడ చూపించింది, ఒక పిల్ల పక్కకు ఒరిగిపోయి బొంగరంలా గిర్రున తిరుగుతోంది, తిరిగి తిరిగి కిందకి జారిపోతోంది, మళ్లీ పొట్ట ఉబ్బి పైకి తేలుతోంది. ఒళ్లు నల్లబడింది. మేత మూతి ముందే పడినా నోరు తెరవలేదు, అసలు కనపడనట్టే ఉంది. ఆక్సిజన్ తగ్గిందేమోనని ఇంకో ఏరియేటర్ పెట్టాం. మర్నాటికి నలభై పోయాయి, ఆ తర్వాతి రోజు నుంచి లెక్కపెట్టడం మానేశాం.

పిల్లల తలలు స్పిరిట్‌లో వేసి ల్యాబ్‌కి పంపాను. మా చుట్టుపక్కల వైరస్‌ని పట్టే పీసీఆర్ పరీక్ష ల్యాబులు ఉన్నాయి గానీ దాదాపు అన్నీ రొయ్యకే, చేప వైరస్ చూసే చోటు దూరం. రిపోర్టు పన్నెండో రోజు వచ్చింది, అందులో వీఎన్‌ఎన్ అని ఉంది. అప్పటికే హాపాలు కడిగి గట్టు మీద ఆరేశాం.

వీఎన్‌ఎన్ అంటే చేప మెదడుని, కంటి లోపలి పొరని తినేసే వైరస్. గుండ్రంగా తిరగడం, మేత కనపడకపోవడం అందుకే. మందు లేదు. లార్వా, చిన్న పిల్ల దశలో తగిలితే బ్యాచ్ మొత్తం పోయినా పోతుంది, బతికిన చేప చూడ్డానికి బాగానే ఉంటూ వైరస్‌ను మోస్తూ తిరుగుతుంది. ఆ చేపే రేపు తల్లి చేప అయితే గుడ్డు ద్వారా పిల్లకి వస్తుంది. అందుకే నా చెరువు గట్టు మీద నేను ఎంత సున్నం చల్లినా, వలలు ఎంత కడిగినా, గుడ్లు పొదిగించి పిల్లను అమ్మే హేచరీలో తల్లి చేపను పరీక్ష చేయకపోతే ఉపయోగం లేదు.

నన్ను బాగా బాధపెట్టింది ఆ తర్వాత తెలిసిన విషయం. నలుగురికి ఫోన్లు చేస్తే, అదే బ్యాచ్ దించుకున్న వేరే జిల్లా రైతుకి నాకంటే పది రోజుల ముందే పిల్లంతా పోయిందని బయటపడింది. ఆ పది రోజుల్లో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ వ్యాన్‌ని గేటు దగ్గరే వెనక్కి పంపేవాణ్ణి. ఆయన సిగ్గుపడి చెప్పలేదు, హేచరీ చెప్పదు, అధికారులకు తెలిసేసరికే ఆలస్యం.

దేశాల మధ్య కూడా ఇదే జరుగుతోంది సార్. ఈ జబ్బు గురించి జపాన్‌లో, ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు 1990లోనే రాశారు, ఆస్ట్రేలియాలో చూసింది మన పండుగప్పలోనే. మన దేశంలో హేచరీ పండుగప్ప పిల్లల్లో ఉందని చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ, సిబా శాస్త్రవేత్తలు ప్రకటించింది 2005లో. మధ్యలో పదిహేనేళ్లు. ఇంకో వైరస్, రెడ్ సీ బ్రీమ్ ఇరిడోవైరస్, అదీ 1990లోనే జపాన్‌లోని షికోకు దీవిలో బయటపడి, ఒక్కో దేశం దాటుకుంటూ తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా అంతా పాకింది. ఇప్పుడు కర్ణాటకలో కేజ్‌లలో, అంటే నీళ్లలో కట్టిన వల పంజరాల్లో పెంచే పండుగప్పలోనూ అది ఉందని మన శాస్త్రవేత్తలే రాశారు. జపాన్ వాళ్లు దానికి టీకా కూడా తయారుచేసుకున్నారు. తెల్లమచ్చ వైరస్ సంగతి మా నాన్న తరం ఎవరినడిగినా చెబుతారు, 1992 నుంచి చైనా, తైవాన్ వైపు రొయ్యల్ని చంపుతున్న జబ్బు 1994 కల్లా మన తీరానికి వచ్చి ఊళ్లకు ఊళ్లను అప్పుల్లోకి నెట్టింది. అప్పుడూ జబ్బే ముందు వచ్చింది, వార్త వెనకాల వచ్చింది.

కలిసి పనిచేయడానికి సంస్థలు లేవా అంటే ఉన్నాయి. బ్యాంకాక్‌లో నాకా అని ఉంది, ఆసియా పసిఫిక్ దేశాల ఆక్వా సంస్థ, మన దేశం అందులో సభ్యురాలు. ఏ దేశంలో ఏ చేప జబ్బు కనపడిందో మూడు నెలలకోసారి నివేదిక వేస్తారు, వీఎన్‌ఎన్ కూడా ఆ జాబితాలో ఉంది. కానీ మూడు నెలలకోసారి, అదీ ఇంగ్లిష్‌లో వచ్చే కాగితం నాగాయలంక రైతుకి ఏ రోజు అందుతుంది? ఆగ్నేయాసియా దేశాలు జపాన్‌తో కలిసి 1967లో సీఫ్‌డెక్ అనే మత్స్య సంస్థ పెట్టుకున్నాయి, ఫిలిప్పీన్స్‌లో వాళ్ల చేపల పెంపకం కేంద్రం సముద్రపు చేపల వైరస్ పరీక్షల మీద ఏళ్లుగా పనిచేస్తోంది, మనం అందులో సభ్యులం కాదు. చెన్నైలోనే బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అనే మత్స్య సంస్థ ఉంది, మనం, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు అది. దాని పని ఎక్కువగా వేటకెళ్లే మత్స్యకారుల గురించే, అది అవసరమే, పెంపకపు చేపల జబ్బుల్ని కూడా అక్కడ మాట్లాడితే బాగుంటుంది. వైరస్ కనపడిన వారంలోపు పక్క దేశానికి, పక్క రాష్ట్రానికి చెప్పేస్తామని, పరీక్ష అందరం ఒకే పద్ధతిలో చేస్తామని ఒక మాట అనుకోవాలి. ఒక ల్యాబ్ లేదు అన్న వైరస్ ఇంకో ల్యాబ్‌లో ఉంది అని వస్తే రైతు ఎవర్ని నమ్మాలి?

రొయ్య విషయంలో ఇది చేసి చూపించాం కదా. 2009లో వన్నామి అనే విదేశీ రొయ్యకి అనుమతిచ్చినప్పుడు బయటి దేశం నుంచి వచ్చే తల్లి రొయ్య చెన్నై క్వారంటైన్‌లో ఉండి, పరీక్షలో పాసయితేనే హేచరీకి వెళ్లాలని పెట్టారు. అదే కట్టుదిట్టం సముద్రపు చేప పిల్లకీ, గుడ్డుకీ పెట్టమని అడుగుతున్నాను, దేశం దాటి వచ్చేదానికి, రాష్ట్రం దాటి వచ్చేదానికి కూడా. మన రాష్ట్రంలో ఆక్వా సీడ్ నాణ్యత మీద 2006లోనే చట్టం చేశారు, కానీ పక్క రాష్ట్రం హేచరీలో తల్లి చేపను మన అధికారి వెళ్లి చూడలేడు, అక్కడి అధికారి ఇచ్చిన కాగితం ఇక్కడ చెల్లేలా రాష్ట్రాలు మాట్లాడుకోవాలి. జబ్బు కనపడితే ఫోన్‌లోనే చెప్పమని 2023లో కేంద్రం రిపోర్ట్ ఫిష్ డిసీజ్ యాప్ తెచ్చింది, మంచి పని చేశారు, మా దగ్గర దాని పేరు విన్నవాళ్లు తక్కువ. రైతు పంపిన కబురు పైకి వెళ్లి అక్కడే ఆగిపోకూడదు, ఫలానా బ్యాచ్‌లో తేడా ఉంది, దించుకోకండి అని తెలుగులో మెసేజ్‌గా మళ్లీ కిందకి రావాలి.

సిబా వాళ్లు వీఎన్‌ఎన్‌కి టీకా తయారుచేశారు, దాన్ని బయటికి తేవడానికి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌తో చేతులు కలిపారు. అది మన చెరువుల దాకా వస్తే పెద్ద ఊరట. అయినా గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లకి టీకా వేయలేం కదా, తల్లి చేప పరీక్ష మాత్రం తప్పదు.

జబ్బు చెప్పుకుంటే మార్కెట్ పోతుందని హేచరీలు భయపడతాయి, ఎగుమతులు ఆగుతాయని దేశాలు భయపడతాయి. ఆ భయం నాకు అర్థమవుతుంది, నేనూ పక్క చెరువు వాళ్లకు రెండు రోజులు చెప్పలేదు, అది తప్పే. అందుకే చెప్పినవాడికి నష్టం కలగకుండా చూడాలి, ముందుగా చెప్పిన రైతుకి ఇన్సూరెన్స్‌లోనో, మళ్లీ సీడ్ ఇవ్వడంలోనో ఏదో ఒక ఆసరా ఉంటే అందరూ నోరు విప్పుతారు.

వచ్చే నెల మళ్లీ సీడ్‌కి అడ్వాన్స్ కట్టాలి. ఈసారి ఇంకో హేచరీకి ఫోన్ చేసి, రేటు కంటే ముందు తల్లి చేపల పీసీఆర్ రిపోర్టు అడిగాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ, చూసి పంపిస్తాం అన్నారు. తొమ్మిది రోజులైంది, ఇంకా రాలేదు. అది చేతికొచ్చేదాకా అడ్వాన్స్ కట్టను.

ఇట్లు,
ఒక పండుగప్ప రైతు,
నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా