లైఫ్ జాకెట్ వేసుకున్నానమ్మా

కౌలాలంపూర్,
ఆగస్టు 18

అమ్మా,

నిన్న ఫోన్‌లో నువ్వు నన్నేమీ అనలేదు. నువ్వు ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్. నేను సముద్రంలో దిగిన ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టకుండా ఉండాల్సింది, చెల్లి నీకు చూపించకుండా ఉండాల్సింది. చెప్పబోతే "సరేలే, తిన్నావా" అని మాట మార్చేశావు. అందుకే రాస్తున్నాను. మధ్యలో ఏదీ మింగేయకుండా చదవమని చెల్లికి చెప్పు.

ముందు ఇది విను. లైఫ్ జాకెట్ వేసుకున్నాను. ఫోటోలో నారింజ రంగులో కనిపిస్తున్నది అదే, చొక్కా కాదు.

ఆఫీసు వాళ్ళం నలుగురం వెళ్ళాం. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి క్వాలా బెసుట్ రేవు, అక్కడి నుంచి స్పీడ్ బోటులో అరగంట పైన. పెర్హెంతియన్ దీవులంటారు, పెద్దదొకటి, చిన్నదొకటి. మలయ్ భాషలో ఆ మాటకి ఆగే చోటని అర్థం. వెనకటికి సరుకుల పడవలు అక్కడ ఆగి వెళ్ళేవట. నవంబరు నుంచి వానలూ గాలీ మొదలైతే హోటళ్ళు చాలావరకు మూసేస్తారు. మేం వెళ్ళినప్పుడు నీళ్ళు చెరువులా ఉన్నాయి. నమ్ము.

పడవ నడిపినాయన పెద్దవాడు. ఇక్కడ అలాంటివాళ్ళని పాక్‌చిక్ అని పిలుస్తారు, మన బాబాయి లెక్క. ఎండకి కళ్ళు చికిలించి చూస్తుంటే అచ్చం తాతయ్యే. నేను పడవ అంచు వదలకపోవడం చూసి మీది ఏ పని అని అడిగాడు. మా తాతలనాటి నుంచీ చేపల వేటే, నాకు మాత్రం ఈత రాదన్నాను. చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నువ్వు నన్ను శ్రీకాకుళంలో అత్త ఇంట్లో ఉంచి చదివించిందే పడవ ఎక్కకూడదని కదా. చిన్నాన్న సంగతి నేను మర్చిపోయాననుకోకు.

కళ్ళకీ ముక్కుకీ కలిపి ఒక అద్దం, నోట్లో గొట్టం. నోటితోనే గాలి పీల్చాలి. నా మీసం వల్ల అద్దం సరిగ్గా అంటుకోక ముక్కులోకి నీళ్ళొచ్చాయి. రెండు గుక్కలు ఉప్పునీళ్ళు తాగాను, అంతే. పాక్‌చిక్ రబ్బరు చక్రం విసిరాడు, దాన్ని పట్టుకుని మళ్ళీ తల ముంచాను.

అప్పుడు కనిపించింది తాబేలు. మనిషి లోతు కంటే కాస్త కింద, ఇసుకలో మొలిచిన గడ్డిని ఆవులా మేస్తోంది. మన తీరానికొచ్చేదాని కంటే పెద్దది, డిప్పే దాదాపు మీటరు ఉంటుంది. వీపు మీద రెండు చేపలు అతుక్కుని ఉన్నాయి. నాకు శ్రీకూర్మం గుర్తొచ్చింది, గుళ్ళో తాబేళ్ళకి నువ్వు ఆకుకూర కట్ట విప్పి ఒక్కో ఆకే పెట్టించేదానివి. ఇదీ అంతే, తొందర లేదు. కాసేపటికి పైకి లేచింది. ఊపిరి కోసం వచ్చేటప్పుడు దారికి అడ్డం రావద్దు, ముట్టుకోవద్దు అని పాక్‌చిక్ ముందే రెండుసార్లు చెప్పాడు. చేతులు దగ్గరకి లాక్కున్నాను. నా పక్కనే తల బయటపెట్టి, తాతయ్య చుట్ట పొగ వదిలినట్టు "ఉస్" అని, మళ్ళీ కిందికి పోయింది.

మనూళ్ళో సంక్రాంతి తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేళ్ళు గుర్తున్నాయా? ఏదో రోగమనుకునేవాణ్ణి. ట్రాలర్ల వలల్లో చిక్కుకుని పైకి రాలేక, ఊపిరందక చచ్చిపోతాయి. నీళ్ళలో బతికేదానికి కూడా నీళ్ళలో ఊపిరి... సరే, వదిలేయ్.

తాతయ్య వలలో తాబేలు పడితే దండం పెట్టి వదిలేసేవాడని పాక్‌చిక్‌కి చెప్పాను. చిన్నప్పుడు తాను గుడ్లు తినేవాణ్ణని చెప్పి కాస్త సిగ్గుపడ్డాడు. ఆ దీవులున్న తెరెంగాను రాష్ట్రంలో 2022 నుంచి ఆ గుడ్ల అమ్మకం పూర్తిగా నిషేధం.

చెల్లీ, ఈ నాలుగు ముక్కలూ మనసులో చదువుకో. ఇంకోచోట సొరలు కూడా చూశాం. చిన్నవే, రెక్క కొసన నలుపు ఉంటుంది, మనిషిని చూస్తే అవే పారిపోతాయి. అమ్మకి చెప్పావో, నీ సంగతులు నా దగ్గర చాలా ఉన్నాయి.

తిండికేం లోటు లేదమ్మా. కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన వేయించిన నెత్తళ్ళు. నెత్తళ్ళు నెత్తళ్ళే గానీ, నువ్వు మామిడికాయ వేసి వండే రుచి రాదు. పని బాగానే ఉంది. కాంట్రాక్టు సంగతి వచ్చే నెలలో తెలుస్తుంది, తెలిశాక చెప్తాను. సంక్రాంతికి టికెట్ కూడా అప్పుడే. బీపీ మాత్ర రాత్రి మానేస్తున్నావని తెలిసింది. ఎవరు చెప్పారని చెల్లిని తిట్టకు.

ఇంకొకటి. మా అపార్ట్‌మెంట్ కింద ఈతకొలను ఉంది, ఆదివారం పొద్దున నేర్పిస్తారు. లోతు నాలుగడుగులే. నిన్న ఫోన్ చేసింది ఇది అడుగుదామనే. నువ్వు ఫోన్ పెట్టేశాక ఫీజు కట్టేశాను. వచ్చే ఆదివారం మొదలు. శనివారం రాత్రి ఫోన్ చేస్తాను, ఈసారి మాట మార్చకు. తిట్టాలంటే తిట్టు.

నీ
పెద్దోడు