గొలుసు విప్పి వదిలేసిన కుక్కలకూ ఒక లెక్క ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. వీధికుక్కల బెడద గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత ఆ చర్చ మరింత పెరిగింది. అయితే ఆ కుక్కల్లో కొన్ని వీధిలో పుట్టినవి కావని, మన ఇళ్లలో పెరిగి మన చేతుల మీదుగానే వీధిన పడ్డవని రాసేవారు తక్కువ. ముప్పై ఏళ్లుగా హనుమకొండలో ఉంటూ, రోజూ పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడిచే మనిషిగా ఈ సంగతిని మీ పాఠకుల దృష్టికీ మన బల్దియా (నగర పాలక సంస్థ) దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

పోయిన వేసవిలో కట్ట దగ్గర ఒక లాబ్రడార్ కుక్క కనిపించింది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి, పట్టీ గుర్తు ఇంకా చెరిగిపోలేదు. కారు ఆగిన ప్రతిసారీ లేచి తోక ఊపుకుంటూ తలుపు దాకా పోవడం, దిగిన మనిషిని వాసన చూసి, కాదని తెలుసుకుని మళ్లీ అదే చెట్టు కిందికి వచ్చి పడుకోవడం నాలుగు రోజులు చూశాను. చెత్తకుప్పలో తిండి వెతుక్కోవడం దానికి చేతకాదు. అక్కడి కుక్కలు దాన్ని దగ్గరికి రానివ్వవు. ఐదో రోజు ఇంటికి తెచ్చేసరికి చెవుల నిండా పిడుదులు, ఒళ్లు కాలిపోయే జ్వరం. పశువుల దవాఖానకు తీసుకుపోతే మధ్యాహ్నానికే తాళం వేసి ఉంది. ప్రైవేటు డాక్టరు రక్తం పరీక్షించి, అది పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియోసిస్ అని చెప్పి నాలుగు వారాల మందు రాశారు. ఖర్చు మూడు వేలు దాటింది. దాన్ని వదిలేసిన వారు ఈ ఖర్చుకే భయపడి ఉండవచ్చు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అంతమాత్రాన వారు చేసింది ఒప్పని అనలేను.

కుక్కను వదిలేయడానికి నేను విన్న కారణాల్లో మొదటిది కిరాయి ఇల్లు. అపార్ట్‌మెంటు సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నా, ‘కుక్క ఉంటే ఇల్లు ఇవ్వము’ అనే మాట మన నగరంలో ఏ గల్లీలో అడిగినా వినబడుతుంది. రెండోది, ముద్దుగా ఉందని తెచ్చిన పిల్ల ఏడాదికే ముప్పై కిలోలకు పెరగడం. మూడోది మన ఎండ. వేసవిలో ఇక్కడ 44, 45 డిగ్రీలు కొత్త కాదు. కుక్కకు పాదాల మెత్తల్లో తప్ప చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే ఒళ్లు చల్లబరచుకోవాలి. అటువంటి చోట మంచు దేశపు హస్కీని కొని, ఏసీ కరెంటు బిల్లు చూసి బెంబేలెత్తడం కంటే, మన వాతావరణానికి తట్టుకునే దేశవాళీ కుక్కపిల్లను తెచ్చుకోవడం ఎంతో మేలు. ఈ మాట చెబితే మా బంధువులే నవ్వుతారు, అది వేరే సంగతి.

చట్టం లేదని కాదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. మొదటిసారి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. చౌరస్తాలో ఇద్దరు మిత్రులు కూర్చుని చాయ్, సమోసా తీసుకుంటే అంతకంటే ఎక్కువే అవుతుంది. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకం నియమాలు చెబుతున్నాయి. పెంపుడు జంతువులకు టీకాలు, నులిపురుగుల మందు, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించే బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు స్పష్టం చేశాయి. అయితే ఫలానా కుక్కకు యజమాని ఫలానా అని ఎక్కడా రాసి లేకపోతే ఆ బాధ్యతను ఎవరి మీద మోపుతారు?

కనుక గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో పెంపుడు కుక్కల నమోదును వార్డు స్థాయిలో చేపట్టి, దాన్ని రేబిస్ టీకాతో ముడిపెట్టాలని కోరుతున్నాను. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. అయినా ‘ఇంటి కుక్కే కదా’ అని దాని పంటిగాటును పట్టించుకోని వారిని, గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలన్న సంగతి కూడా తెలియని వారిని నేను చాలామందిని చూశాను. టీకా వేసే రోజునే చర్మం కింద గుర్తింపు సంఖ్య ఉండే చిన్న చిప్ అమర్చి యజమాని వివరాలు నమోదు చేస్తే, రేపు ఆ కుక్క చెరువు కట్ట మీద కనిపించినప్పుడు ఎవరింటిదో తేలుతుంది. నిజంగానే పెంచలేని స్థితిలో ఉన్నవారు సిగ్గుపడకుండా అప్పగించే చోటు కూడా ఒకటి ఉండాలి. అది లేకుండా జరిమానాలు పెంచితే, వదిలేసే పని చీకటి పడ్డాక జరుగుతుంది, అంతే.

వైద్యం విషయంలో మరొక మాట. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లోని గొడ్ల కోసం, గొర్రెల కోసం ఏర్పడ్డాయి. ఉద్యోగాలకు పోయేవారు సాయంత్రం ఆరు తర్వాతే కుక్కనో పిల్లినో దవాఖానకు తీసుకుపోగలరు. మామునూరులో పశువైద్య కళాశాల ఉండనే ఉంది. అక్కడి అధ్యాపకుల, విద్యార్థుల సాయంతో నగరం నడుమ వారానికి రెండు సాయంత్రాలు చిన్న జంతువుల వైద్యశాల నడిపితే, నేను పెట్టినట్టు మూడు వేలు పెట్టలేని వారికి కుక్కను వదిలేయడం తప్ప మరో దారి దొరుకుతుంది.

ఆ లాబ్రడార్ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. దాన్ని నా పేరు మీద నమోదు చేయించాలని టీకా కార్డు పట్టుకుని ఒక కార్యాలయానికి పోతే, మూడు బల్లలు తిప్పి, ఇది తమ పని కాదన్నారు. ఎవరి పని అన్నది బల్దియా ప్రకటిస్తే, మొదటి రోజే వచ్చి వరుసలో నిలబడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.