డిస్‌ప్లేలో పెట్టిన పుస్తకాన్ని పిల్లల ఇంటికి వెళ్లనివ్వండి

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాఠశాల లైబ్రరీల్లో సృజనాత్మక ప్రదర్శనలు పెట్టాలి, పిల్లలతో కార్యక్రమాలు చేయించాలి అని ఆదేశాలు వచ్చినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది. నేను లైబ్రరీ పీరియడ్ చూసుకునే ఉపాధ్యాయురాలిని. అయితే తనిఖీకి వచ్చేవారు గోడలు చూస్తారు, చార్టులు చూస్తారు, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. బీరువా తాళం ఎప్పుడు తీశారని మాత్రం అడగరు. గోడ ఎంత అందంగా ఉన్నా పుస్తకం పిల్లల చేతికి రాకపోతే ఆ శ్రమంతా వృథా. ఈ లేఖ రాస్తున్నది అందుకే.

మంచి డిస్‌ప్లేకి థర్మోకోల్ అక్షరాలు, మెరుపు కాగితాలు అక్కర్లేదు. ఒక బల్ల, పది పుస్తకాలు, అట్టముక్క మీద ఒక ప్రశ్న చాలు. ‘చీకటంటే భయమా?’ అని రాసి పెట్టండి. దాని కింద ఒక దెయ్యాల కథ, గుడ్లగూబల గురించి ఒక పుస్తకం, నక్షత్రాల పటాలు, బల్బు ఎలా వెలుగుతుందో చెప్పే చిన్న పుస్తకం ఉంచండి. దెయ్యం కోసం వచ్చిన పిల్లవాడు గుడ్లగూబ దగ్గర ఆగిపోతాడు. అది కనుగుడ్లు తిప్పలేదని, అందుకే మెడనే దాదాపు 270 డిగ్రీల దాకా తిప్పుతుందని చదివాక, తన మెడ ఎంతవరకు తిరుగుతుందో చూసుకోకుండా ఉండలేడు. కథలు వేరు, విజ్ఞానం వేరు అనేది పెద్దవాళ్లు గీసిన గీత. పిల్లలు దాన్ని ఇట్టే దాటేస్తారు.

బీరువాలో పుస్తకం వెన్ను మాత్రమే కనబడుతుంది. ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలకు ఆ సన్నని అక్షరాలతో పని లేదు. అట్ట కనబడేలా నిలబెడితే వాళ్లను బొమ్మ పిలుస్తుంది. పెద్దవాళ్ల కళ్లకు ఆనేంత ఎత్తులో కాకుండా రెండో తరగతి పిల్ల చేతికి అందేలా పెట్టాలి. రెండు మూడు వారాలకోసారి మార్చాలి కూడా. నెలల తరబడి అదే ఉంటే దాని వైపు ఎవరూ చూడరు.

కార్యక్రమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రశ్నల బోర్డు. ఎవరికి ఏ సందేహం వచ్చినా చీటీ రాసి బోర్డుకు గుచ్చుతారు. ‘తెగిన బల్లి తోక ఎందుకు కదులుతుంది?’, ‘రక్తం ఎర్రగా లేని జంతువులు ఉన్నాయా?’ ఇలాంటివి. టీచర్ జవాబు చెప్పకూడదు, అదే నియమం. ఇంకెవరో పుస్తకాల్లో వెతికి, ఆ చీటీ కిందే పుస్తకం పేరు, పేజీ నంబరు రాయాలి. ఆక్టోపస్ రక్తం నీలమని, దానికి మూడు గుండెలని కనిపెట్టిన పిల్ల ఆ రోజంతా బడిలో అందరికీ చెప్పి తిరుగుతుంది. ఆ పేజీ చూడ్డానికి మరో నలుగురు లైబ్రరీకి వస్తారు. బాగా చదివే పిల్లలకే కాదు, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేవాళ్లకు కూడా ఇందులో చోటుంది. మంచి ప్రశ్న అడగడానికి మార్కులతో పనిలేదు కదా.

పుస్తకాల వర్గీకరణ కూడా ఆటే అవుతుంది. ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇచ్చే మెల్విల్ డ్యూయీ దశాంశ పద్ధతి 1876లో వచ్చింది. చాలా లైబ్రరీల్లో అరల మీద ఆ అంకెలే ఉంటాయి. ఆ అరల్లో చీటీలు దాచి వెతికిస్తాం. మొదటి చీటీ 598కి, అంటే పక్షుల దగ్గరికి పంపుతుంది. అక్కడ దొరికే చీటీ 523కి, గ్రహాల దగ్గరికి. అక్కడి నుంచి 398కి, జానపద కథలకు. ఆట అయ్యేసరికి ఏ పుస్తకం ఎక్కడుంటుందో ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. పాత కాగితంలో పుస్తకాన్ని చుట్టి, పైన మూడు ఆనవాళ్లు మాత్రమే రాసి ఇవ్వడం, కథను గట్టిగా చదువుతూ సరిగ్గా మలుపు దగ్గర ఆపేయడం కూడా బాగా పనిచేస్తాయి. ఇక ఒక పుస్తకం ఎందుకు నచ్చిందో పిల్లలు తమ చేతిరాతతో రెండు వాక్యాలు రాసి అందులో పెడితే, తోటి పిల్లలు మా మాట కన్నా ఆ చీటీనే నమ్ముతారు.

ఇంత చేశాక ఒక పాప వచ్చి ‘ఇది ఇంటికి తీసుకెళ్లనా టీచర్?’ అని అడుగుతుంది. చాలాచోట్ల ‘అది డిస్‌ప్లేది, ముట్టుకోవద్దు’ అనే జవాబు వస్తుంది. అసలు సమస్య ఇక్కడే ఉంది.

మధ్యయుగపు ఐరోపా గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో కట్టేసేవారు. ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్ కెథడ్రల్‌లో అవి నేటికీ ఉన్నాయి. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించినప్పుడు, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అన్నదాన్ని మొదటి సూత్రంగా పెట్టి, అక్కడే ఈ గొలుసుల సంగతి ఎత్తారు. మాకు గొలుసులు లేవు, స్టాక్ రిజిస్టర్ ఉంది. లెక్కలో ఒక పుస్తకం తగ్గితే సంజాయిషీ ఇవ్వాల్సింది లైబ్రరీ బాధ్యత ఉన్న టీచరే. సొంత డబ్బు కట్టాల్సి వస్తుందేమోనన్న టెన్షన్‌తో పుస్తకాలను బీరువాలోనే ఉంచేవాళ్లను నేను తప్పుపట్టలేను. పిల్లలు వాడితే కొన్ని అట్టలు చిరుగుతాయి, కొన్ని పుస్తకాలు తిరిగి రావు. చదివే చోట అది మామూలే.

అందుకే మిమ్మల్ని కోరేది. మామూలు వాడకంలో చిరిగిన, పోయిన పుస్తకాలను ఏటా ఒక పరిమితి వరకు టీచర్ల మీద భారం వేయకుండా స్టాక్ రిజిస్టర్ లోంచి కొట్టివేయనివ్వండి. డిస్‌ప్లేలో ఉన్న పుస్తకాన్ని ఏ పిల్లవాడు అడిగినా అప్పటికప్పుడే ఇవ్వాలని నిబంధన పెట్టండి. తనిఖీకి వచ్చినవారు ఫొటోలకు బదులు ఇష్యూ రిజిస్టర్ చూడాలి. ఆ బల్ల మీది పుస్తకాల్లో ఎన్ని బయటికి వెళ్లాయో, ఎన్ని చేతులు మారాయో అందులోనే తెలుస్తుంది. బల్ల సగం ఖాళీగా కనిపిస్తే మెచ్చుకోమని వారికి చెప్పండి. అన్ని బడులకూ ఒకే నమూనా పోస్టర్లు పంపే డబ్బుతో అట్ట ముందుకు కనబడేలా ఒక చిన్న స్టాండు, కొన్ని కొత్త పుస్తకాలు వస్తాయి. లైబ్రరీ పీరియడ్‌ను పరీక్షల ముందు లెక్కల క్లాసుకు ఇచ్చేయడం కూడా ఆపించాలి.

వీటిలో చాలావాటికి కొత్త పథకం అవసరం లేదు, ఒక ఉత్తర్వు చాలు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా అది మా బడులకు చేరేలా చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
లైబ్రరీ బాధ్యతలు చూసే ఒక ఉపాధ్యాయురాలు