మాట వినపడాలంటే బీజీఎం దానికంటే 20 డెసిబెల్స్ కిందే ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

పంటల సలహాలు, పదో తరగతి పాఠాలు, మందుల వాడకంపై వైద్యులు చెప్పే జాగ్రత్తలు ఇప్పుడు తెలుగులో వీడియోలుగా విరివిగా వస్తున్నాయి. విషయం మంచిదే, బొమ్మా బాగానే ఉంటోంది. మాట మాత్రం బీజీఎం (నేపథ్య సంగీతం) కింద నలిగిపోతోంది. తెలుగులో ఈ నష్టం మరీ ఎక్కువ. మన వాక్యంలో అసలు సంగతి తేలేది ఆఖరి క్రియతోనే. ‘పూత మీద ఉన్నప్పుడు ఈ మందు కొట్టాలి’ అన్నా, ‘కొట్టకూడదు’ అన్నా తేడా అంతా చివరి మాటలోనే ఉంది. మాట్లాడేవారి ఊపిరి అయిపోయి గొంతు దిగేదీ అక్కడే. ఆ చోట సంగీతం కాస్త ఎక్కువైతే రైతుకు సలహా తలకిందులుగా చేరుతుంది. దీనికి కొత్త మైకు అక్కర్లేదు, ఖరీదైన సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఎడిటింగ్‌లో లెవల్స్ కొలిచి పెడితే చాలు. వీడియోలు చేసేవారికీ చేయించుకునేవారికీ ఉపయోగపడుతుందని ఆ కొలతలు రాస్తున్నాను.

చాలాచోట్ల జరుగుతున్న మొదటి పొరపాటు పీక్ మీటరును నమ్ముకోవడం. పీక్ అంటే ఒక్క క్షణంలో తరంగం అందుకున్న అత్యధిక ఎత్తు మాత్రమే. ఒక దగ్గు, బల్ల మీద ఒక చరుపు, మైకుకు ఊపిరి తగిలేలా పలికిన ఒక ‘ప’ ఉంటే చాలు, పీక్ మైనస్ 1 డెసిబెల్‌కు, అంటే డిజిటల్ సౌండు గరిష్ఠ హద్దయిన సున్నాకు ఒక్కటి కిందికి, వెళ్తుంది. మిగతా మాటంతా ఎక్కడో అడుగున ఉంటుంది. ముందే బాగా కంప్రెస్ చేసి (గట్టి చోట్లను అణచి, మొత్తాన్ని పైకి తెచ్చి) ఉన్న సంగీతానికీ పీక్ మైనస్ 1 దగ్గరే ఉండొచ్చు, కానీ చెవికది చాలా గట్టిగా తగులుతుంది. అందుకే పీక్ ఆధారంగా ‘నార్మలైజ్’ నొక్కిన రెండు క్లిప్పులు సమానంగా వినిపించవు.

చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్ 1770 పేరుతో ఇచ్చింది. దాని యూనిట్ లఫ్స్ (ఎల్‌యూఎఫ్‌ఎస్). మైనస్ తర్వాతి అంకె పెద్దదయ్యేకొద్దీ శబ్దం తక్కువని అర్థం. యూరప్ ప్రసార సంస్థలు 2010లో మైనస్ 23 లఫ్స్‌ను ప్రమాణంగా పెట్టుకున్నాయి. టీవీ ప్రకటనల మోత కార్యక్రమం మోతను మించకూడదనే నిబంధన అమెరికాలో 2012 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మన 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు కూడా ప్రకటన శబ్దం మితిమీరి గట్టిగా ఉండకూడదన్నాయి గానీ, ఎంత దాటితే మితిమీరినట్టో అంకె చెప్పలేదు. అంకె లేని నిబంధనను అమలు చేయడం కష్టం.

ఇక పని. ముందు సంగీతం ట్రాకును మ్యూట్ చేసి వాయిస్ ఒక్కటే పట్టుకోవాలి. కాలర్ మైకు రికార్డింగ్ తరచుగా ఎడమ ఛానల్‌లోనే పడుతుంది. అలాగే వదిలేస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవారికి ఒక చెవిలోనే వినిపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లయిన ప్రీమియర్ ప్రోలో మోడిఫై కింద ఆడియో ఛానల్స్‌లో, డావిన్చీ రిజాల్వ్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో దాన్ని మోనోగా (రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపించేలా) మార్చాలి. తర్వాత 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది బొంగురు ధ్వనులను కోసేది) వేస్తే బల్ల అదురు, మైకు తీగ కదిలిన గుబగుబ పోతాయి. మాటకేమీ తరగదు.

ఆ తర్వాత లౌడ్‌నెస్ మీటరులో ఇంటిగ్రేటెడ్ (క్లిప్ మొత్తం మీద సగటు) అంకె చూడాలి. ఆన్‌లైన్‌లో పెట్టే పాఠానికైనా సలహాకైనా వాయిస్ మైనస్ 16 లఫ్స్ దగ్గర ఉంటే చాలు. వాయిస్ మైనస్ 22 దగ్గర, పీక్‌లు మైనస్ 5 దగ్గర ఉన్నాయనుకుందాం. కావలసింది 6 డెసిబెల్స్ (డీబీ). నేరుగా గెయిన్ (క్లిప్ మొత్తం శబ్ద స్థాయి) పెంచితే పీక్ ప్లస్ 1 అవుతుంది, అంటే సున్నా దాటి సౌండు పగులుతుంది. కాబట్టి ముందు గట్టి చోట్లను అణచే కంప్రెసర్ వేయాలి: రేషియో 3:1, అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 మిల్లీసెకన్లు, మాట గట్టిపడిన చోట 3 నుంచి 6 డీబీ తగ్గేలా త్రెషోల్డ్. కంప్రెసర్ తగ్గించినంత మేర గెయిన్ ఇంకా కలపాలి. చివర లిమిటర్‌ను (హద్దు దాటనివ్వని సాధనం) మైనస్ 1 ట్రూ పీక్ (నమూనాల మధ్య పొంగునూ లెక్కలోకి తీసుకునే పీక్) దగ్గర పెడితే, మిగిలిన ఒకటి రెండు డీబీల పొంగును అది పట్టుకుంటుంది. ప్రీమియర్‌లో జీ నొక్కితే వచ్చే గెయిన్ ఎఫెక్టుల కంటే ముందు పనిచేస్తుంది, క్లిప్ మీది వాల్యూమ్ గీత ఎఫెక్టుల తర్వాత పనిచేస్తుంది. కంప్రెసర్ పెట్టాక గీతను పైకి లాగితే కంప్రెసర్‌కు ఆ సంగతే తెలియదు, సౌండు మళ్లీ పగులుతుంది.

రిజాల్వ్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేస్తే నార్మలైజ్ ఆడియో లెవల్స్ వస్తుంది, అందులో బీఎస్ 1770 ఎంచుకోవచ్చు. ఒకే రికార్డింగును ముక్కలుగా కోసినప్పుడు రిలేటివ్ పెట్టాలి. ఇండిపెండెంట్ పెడితే ప్రతి ముక్కా విడిగా పైకి లేచి, మెల్లగా చెప్పిన వాక్యం వెనక ఫ్యాన్ రొద ఒక్కసారిగా పెరుగుతుంది. ఫ్యాన్ సంగతి మన ఇళ్లలో, తరగతి గదుల్లో తప్పనిది కాబట్టి ఇంకొక్క మాట. వాయిస్ మైనస్ 30 దగ్గర రికార్డైతే మైనస్ 16కు తేవడానికి 14 డీబీ కలపాలి, ఫ్యాన్ రొదకూ అంతే కలుస్తుంది. రికార్డు చేసేటప్పుడే పీక్‌లు మైనస్ 12 చుట్టూ ఉండేలా చూసుకుని, కెమెరాలో ఆటో గెయిన్ ఆపేయాలి. ఆటో గెయిన్ ఉంటే మనిషి ఆగిన ప్రతిసారీ కెమెరా ఆ రొదను పైకి లాగుతుంది. రికార్డింగులోనే పగిలిన మాటను ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా అది పగిలిన మాటే.

ఇప్పుడు అసలు గొడవ, బీజీఎం. వైకల్యం ఉన్నవారికీ వెబ్ అందాలని పెట్టిన ప్రమాణాల (డబ్ల్యూసీఏజీ) అత్యున్నత స్థాయి, మాటే ప్రధానమైన ఆడియోలో నేపథ్య ధ్వని ఉంటే అది మాట కంటే కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలంటుంది. అదే కొలతను వీడియోకూ పెట్టుకోవచ్చు. వాయిస్ మైనస్ 16 అయితే మాట నడిచినంతసేపూ సంగీతం మైనస్ 36 లఫ్స్. ఎడిటరుకు ఇది మరీ తక్కువగా తోస్తుంది. స్క్రిప్టు తెలిసి, మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని అదే వాక్యాన్ని పదేపదే విన్న చెవికి సంగీతం ఎంత ఉన్నా మాట వినిపిస్తుంది. మొదటిసారి వినేవారికి ఆ వెసులుబాటు లేదు. మాట లేని చోట సంగీతాన్ని మైనస్ 22 వరకూ లేపుకోవచ్చు. దింపడం మాత్రం మాట మొదలయ్యే అర సెకను ముందే పూర్తవ్వాలి, లేపడం ఆఖరి అక్షరం పూర్తిగా వినిపించాకే మొదలవ్వాలి. క్రియ వినపడకుండా పోయేది చాలావరకు ఈ రెండోదాన్ని తొందరపెట్టడం వల్లే.

ప్రీమియర్‌లోని ఆటోమేటిక్ డకింగ్ (మాట వచ్చినప్పుడు సంగీతాన్ని దానంతట అదే దించేది) ఈ పనిని చాలావరకు చేస్తుంది గానీ, ఊపిరి తీసుకున్న ప్రతిచోటా సంగీతాన్ని పైకి ఎగదోస్తుంది. ఫేడ్ సమయం పెంచాలి. రెండు సెకన్లలోపు విరామాల్లో వచ్చిన కీఫ్రేములను (వాల్యూమ్ మారే చోట పడే గుర్తులు) చేత్తో తీసేయాలి. కీఫ్రేములు తయారయ్యాక వాయిస్ క్లిప్పును జరిపితే అవి దానితో పాటు జరగవు, మళ్లీ తయారు చేయించుకోవాలి. సంగీతంలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3, 4 డీబీ తగ్గించడం కూడా మంచిది. హల్లుల స్పష్టత చాలామటుకు ఉండేది ఆ ప్రాంతంలోనే. వీణ, వేణువు, కీబోర్డు మెలొడీల మెరుపు కూడా అక్కడే వచ్చి కూర్చుంటుంది. గాత్రం ఉన్న పాటను మాట కింద అసలు వేయకూడదు.

ఫోన్ యాప్‌లో ఎడిట్ చేసేవారికి సాధారణంగా లఫ్స్ మీటరు ఉండదు, శాతం గీత ఒక్కటే ఉంటుంది. ఆ శాతం తరంగం ఎత్తుకు లెక్క అయితే 50 శాతం అంటే తగ్గేది 6 డీబీలే, 20 డీబీలు తగ్గాలంటే 10 శాతానికి రావాలి. బీజీఎం సగం చేశాం కదా అనుకోవడం వల్లే మాట మునుగుతోంది. దీనికి నమ్మకమైన దారి, కంప్యూటరులో ఉచితంగా దొరికే ఆడాసిటీ. అందులో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి వాయిస్ ఫైలును మైనస్ 16కు తెచ్చి లిమిటర్ వేయాలి, సంగీతం ఫైలును మైనస్ 36కు తేవాలి. రెండింటినీ ఫోన్‌లోకి తెచ్చుకుని గీతను 100 దగ్గరే ఉంచాలి.

అప్‌లోడ్ చేశాక యూట్యూబే సరిచేస్తుందన్న నమ్మకం సగమే నిజం. సుమారు మైనస్ 14 దాటిన వీడియోను అది కిందికి దించుతుంది, తక్కువ ఉన్నదాన్ని మామూలుగా పైకి లేపదు. వాయిస్‌కూ సంగీతానికీ మధ్య తేడాను అది సరిదిద్దలేదు. కంప్యూటరులో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కంటెంట్ లౌడ్‌నెస్ అంకె కనిపిస్తుంది. అది మైనస్ 8 అని ఉంటే ఆ వీడియో మిగతావాటి పక్కన నీరసంగా వినిపించిందన్నమాట.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును ఒక్కసారి మామూలు ఫోన్ స్పీకరులో, సగం వాల్యూమ్‌లో, గదిలో ఫ్యాన్ తిరుగుతుండగా వినాలి. మిక్స్‌ను మోనోలో కూడా వినాలి. రెండు ఛానళ్లలో ఒకదాని తరంగం తలకిందులై ఉంటే హెడ్‌ఫోన్‌లో వినిపించిన మాట మోనోలో మాయమవుతుంది.

చివరగా, వీడియోలు చేయించే ప్రభుత్వ శాఖలకు, విశ్వవిద్యాలయాలకు, ఆసుపత్రులకు ఒక విన్నపం. పని అప్పగించే కాగితంలో రిజల్యూషన్ రాస్తున్నారు. దాని పక్కనే వాయిస్ మైనస్ 16 లఫ్స్, ఒకటి అటూ ఇటూ. ట్రూ పీక్ మైనస్ 1. మాటకూ బీజీఎంకూ 20 డీబీ తేడా అని కూడా రాయించండి. బిల్లు చెల్లించే ముందు మీటరు అంకె చూపమనండి. వాయిస్, సంగీతం ట్రాకులను 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా విడివిడిగా తీసుకోండి. ఒకే ట్రాకులో కలిసిపోయాక వాటిని శుభ్రంగా విడదీయడం కష్టం. విడిగా ఉంటే, వినపడలేదని రైతు చెప్పిన రోజునే సంగీతం తగ్గించి వీడియోను మళ్లీ పెట్టవచ్చు.

— ఒక సౌండ్ ఎడిటర్, విజయవాడ