బరంపురం లాడ్జిలో మూడో రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో మాట సగంలో ఉండగానే ఎవరో పిలుస్తున్నారని పెట్టేశావు. నేనూ మళ్లీ చెయ్యలేదు. బరంపురం వెళ్లొచ్చిన సంగతి ఫోన్లో చెప్తే గది అద్దె ఎంత, భోజనం ఎంత అని నువ్వు లెక్కల్లోకి దిగిపోతావు, అసలు చెప్పాల్సింది నా దగ్గరే ఉండిపోతుంది. అందుకని పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు, చదివాక చెల్లెమ్మకి కూడా ఇవ్వు.

దసరాకి వచ్చినప్పుడు మహేంద్రతనయ ఏటి ఒడ్డున కూర్చుని నువ్వన్న మాట గుర్తుందా? "ఇంటావిడని ఊరు తీసుకెళ్తే మంచి హోటల్లో దింపాలిరా, లేకపోతే ఇంట్లో ఉండటమే నయం" అన్నావు. నేను అవునన్నాను. పెళ్లయిన పన్నెండేళ్ల నుంచీ నేనూ అదే అనుకుంటున్నాను మరి. ఈ ఏడు కాదు వచ్చే ఏడు, ఇల్లు బాగు చేయించాక, పెద్దోడి ఫీజు కట్టాక, అలా వాయిదా వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు మూడు రాత్రులు ఎనిమిది వందల రూపాయల గదిలో ఉండి వచ్చి చెప్తున్నాను, ఆ మాట తప్పురా. మనిద్దరిదీ తప్పే.

అసలు మనవైపు లాడ్జి అంటే ఏమిటి చెప్పు. సరదాకి ఎవరు దిగుతారు? పెద్దాసుపత్రిలో మనిషిని చేర్పిస్తే దిగుతాం, కోర్టు వాయిదా ఉంటే దిగుతాం, పిల్లల్ని పరీక్షకి తీసుకెళ్తే దిగుతాం. బరంపురం అనగానే మా ఆవిడ, అదే వరసకి మీ చెల్లెలు, మొహం కొంచెం మారింది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. వాళ్ల నాన్నని ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చేర్పించినప్పుడు తను తొమ్మిదో తరగతి అట. ఆసుపత్రి దగ్గర ఏదో లాడ్జిలో వాళ్లమ్మతో పదకొండు రోజులు ఉందట, ఒకటే మంచం, తను కింద చాప మీద. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి వీలేది? మా ఇంట్లో రాత్రి పది దాటితే గానీ నలుగురి మాటలూ ఆగవు, అప్పటికి ఇద్దరికీ కళ్లు మూతలు పడిపోతుంటాయి.

సంక్రాంతి హడావిడి అయ్యాక అమ్మే అంది, "పిల్లల్ని నేను చూసుకుంటాను, రెండ్రోజులు ఎక్కడికైనా వెళ్లిరండి" అని. భువనేశ్వర్, పూరీ అనుకున్నాం గానీ గదుల ధరలు చూసి వెనక్కి తగ్గాను. బరంపురం అయితే దగ్గర, భాష బాధ లేదు, పక్కనే గోపాల్‌పూర్ సముద్రం. గుణుపూర్ నుంచి వచ్చే బండి ఎక్కాం. నౌపడ దగ్గర మెయిన్ లైన్లో కలిసి పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటుకుంటూ వెళ్తుంది. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్న బండి లైనే కదా ఇది. మనిద్దరం కిటికీలోంచి చేతులు చాపి కొమ్మల ఆకులు తెంపిన ఆ చిన్న బండి పోయి, 2011 నాటికి పెద్ద లైను వచ్చేసింది. కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

మొదట స్టేషన్లోనే రిటైరింగ్ రూమ్ కోసం చూశాను. రైలు టికెట్ ఉంటే ఆ పీఎన్ఆర్ నంబరుతో ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, పన్నెండు గంటలకీ ఇస్తారు, ఇరవై నాలుగు గంటలకీ ఇస్తారు. ఒక పూట ఆగే పని అయితే అంతకన్నా చవక, భద్రం ఇంకోటి లేదు. కానీ ఖాళీ లేదు. దాంతో ఫోన్లో ఫొటోలు చూసి ఒక లాడ్జికి మూడు వందలు అడ్వాన్స్ కట్టేశాను. అక్కడే పొరపాటు చేశాను. ఫొటోలో తెల్లటి దుప్పటి, పెద్ద కిటికీ. వెళ్లి చూస్తే కిటికీ ఉంది, కానీ అది తెరుచుకునేది నడవాలోకి. గోడ అడుగంతా చెమ్మ, తలుపు మూస్తే ముక్కుకి ఘాటుగా ఫినాయిలు వాసన. పైగా ఫొటోలో చూపించింది ఏసీ గదట, దానికి ఇంకో ఆరు వందలు ఇమ్మన్నారు. మీ చెల్లెలు ఏమీ అనలేదు, బ్యాగు మాత్రం కింద పెట్టలేదు. నాకు అది చాలు. మూడు వందలూ వదిలేసి బయటికి వచ్చేశాం. ఆ పది నిమిషాలు రోడ్డు మీద నిలబడ్డప్పుడు నాకు పడ్డ టెన్షన్ నీకు చెప్పలేను బావా, ఇన్నేళ్లకి తీసుకొచ్చి ఇలా నడిరోడ్డు మీద నిలబెట్టానే అని గొంతు పూడుకుపోయింది.

తనే ముందు నడిచింది. "బడాబజార్ వైపు పాత లాడ్జీలు ఉండేవి, పదండి చూద్దాం" అంది. వెతగ్గా వెతగ్గా ఒక సందులో రెండంతస్తుల పాత మేడ దొరికింది. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన కుర్రాడితో ఒడియాలో, మాతో మన తెలుగులో మాట్లాడుతున్నాడు. బరంపురంలో ఇది కొత్తేమీ కాదు కదా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడేదాకా ఆ ఊరూ మన ఊరూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే, రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు పుట్టింది అక్కడే, ఆయన పేరు మీద గిరి రోడ్డు ఇప్పటికీ ఉంది. పెద్దాయన డబ్బు అడగలేదు, తాళం చెవి చేతికిచ్చి "ముందు గది చూసి రండి బాబూ, నచ్చితేనే పుస్తకంలో రాద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం భయం పోయింది.

నువ్వు ఎప్పుడు వెళ్లినా, ఏ ఊరు వెళ్లినా ఇలాగే చెయ్యి. ఆన్‌లైన్లో పేర్లు చూసుకో, డబ్బు మాత్రం గది చూశాకే కట్టు. మంచం మెత్తగా ఉందా అన్నది తర్వాత సంగతి. ముందు లోపలి గడియ సరిగ్గా పడుతోందో లేదో చూడు, బాత్రూమ్‌లో పంపు తిప్పి నీళ్లు ఎంత ధారగా వస్తున్నాయో చూడు, ఫ్లష్ ఒకసారి లాగు, కిటికీ బయటికి తెరుచుకోవాలి, దోమతెర జాలీ చిరిగి ఉండకూడదు. దుప్పటి మార్చమని మొహమాటపడకుండా అడుగు, వాళ్లేం అనుకోరు. మేం ఇంటి దుప్పటి ఒకటి పట్టుకెళ్లాం, మీ చెల్లెలు దాన్ని పరవగానే అది మా గది అయిపోయింది. పక్కన కల్యాణ మండపం ఉందేమో కూడా కనుక్కో, ముహూర్తాల రోజుల్లో అర్ధరాత్రి దాకా నిద్ర ఉండదు. ఇంకో ముఖ్యమైనది చెక్‌అవుట్. కొన్ని చోట్ల మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేయాలి, నువ్వు ఉదయం తొమ్మిదికి దిగినా సరే. కొన్ని చోట్ల నువ్వు దిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలు. మాది రెండోది, అందుకే తొందరపడాల్సిన పని లేకపోయింది. గుర్తింపు కార్డుకి నేను మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చాను, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, ఆధార్ వాళ్ల యూఐడీఏఐ సైట్లో దొరుకుతుంది. అద్దె ఎనిమిది వందలు, దాని మీద ఐదు శాతం జీఎస్టీ, నలభై రూపాయలు. 2022 జూలై దాకా వెయ్యి లోపు గదులకి ఈ పన్ను ఉండేది కాదు, తర్వాత పన్నెండు శాతం వేశారు, 2025 సెప్టెంబర్‌లో ఐదుకి తగ్గించారు. బిల్లులో ఇంకా పన్నెండు వేస్తే అడుగు.

సరే, లెక్కలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

గది మేడ మీద, మూలన. ఎర్ర గచ్చు, రెండు మంచాలు కలిపి వేసినవి, పాత చెక్క బీరువా. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా బకెట్లో తెచ్చి తలుపు దగ్గర పెడతారు. అంతే గది. మొదటి రోజు పొద్దున నాకు ఐదింటికే మెలకువ వచ్చింది, అలవాటు కదా. పక్కకి చూస్తే మీ చెల్లెలు నిద్రపోతోంది. ఆరు అయింది, ఏడు అయింది, బకెట్ తెచ్చిన కుర్రాడు తలుపు కొట్టి వెళ్లాడు, అప్పటికీ లేవలేదు. ఒరేయ్, పన్నెండేళ్లలో తను నాకన్నా ఆలస్యంగా లేవడం నేను చూడలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా ముందు లేచి పొయ్యి వెలిగించి మళ్లీ పడుకునేది. ఆమె నిద్రపోతుంటే మొహం ఎలా ఉంటుందో పట్టపగటి వెలుగులో అప్పుడే చూశాను. కదిలితే మంచం చప్పుడు చేస్తుందని ఏడున్నర దాకా అలాగే పడుకుని ఉన్నాను.

కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో ఇంటి డాబా. ఇద్దరు ఆడవాళ్లు పాత చీరలు పరిచి అప్పడాలు ఎండబెడుతున్నారు. బరంపురం అప్పడాలు, ఊరగాయలు ఎంత పేరున్నవో నీకు తెలుసు. మీ చెల్లెలు కిటికీలోంచే "పిండిలో సోడా ఎంత కలుపుతారమ్మా" అని అడిగింది. వాళ్లు తెలుగువాళ్లే. ఇక చూసుకో, ఆ కిటికీ దగ్గర అరగంట. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఎందుకొచ్చారు అని అన్నీ అడిగారు. "ఊరికే వచ్చాం, మేమిద్దరమే" అని తను చెప్పడం వెనక నుంచి విన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు తన గొంతులో ఉన్న సంతోషం నేను నీకు ఉత్తరంలో రాయలేనురా.

రెండో రోజు గోపాల్‌పూర్ వెళ్లాం. బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లే, బస్సులో వెళ్లి బస్సులో రావచ్చు. సముద్రం ఎదురుగానే దిగాలని పట్టుబడితే గది రేటు ఎక్కడికో పోతుంది, ఊళ్లో ఉండి రోజూ పోయి రావడమే మనకి వీలు. లైట్‌హౌస్, ఒడ్డున పాత రేవు నాటి పాడుబడ్డ గోడలు చూశాం. ఒకప్పుడు అక్కడి నుంచే జనం రంగూన్‌కి ఓడ ఎక్కేవారు. మా ముత్తాత కూడా అలా వెళ్లినవాడే, తిరిగి రాలేదు. కాసేపు ఆ గోడ దగ్గర నిలబడి వచ్చాను. తప్తపాణి వేడినీళ్ల ఊట, తారాతారిణి కొండ చూడలేదు, మళ్లీసారికి ఉంచుకున్నాం.

సాయంత్రం పట్టుచీర కొనాలని నేను ముందే అనుకున్నాను. ఆరు వేలు విడిగా దాచి తీసుకెళ్లాను, తనకి చెప్పకుండా. బరంపురం పట్టు సంగతి తెలుసుగా, అంచు మీద గుడి గోపురాల్లా మెట్లు మెట్లుగా కుంభాలు వస్తాయి, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. నేసేవాళ్లు ఎప్పుడో తెలుగు ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవాళ్లు. ఒక ముదురాకుపచ్చ చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. బాగుంది, నిజంగా చాలా బాగుంది. మడత పెట్టి తిరిగి ఇచ్చేసి, బయటికి వచ్చాక అడిగింది, "ఈ డబ్బుతో ఇంకో రోజు ఉండొచ్చా?"

మర్నాడు పొద్దున బండికి టికెట్లు కూడా తీసుకుని ఉన్నాం. నేను అమ్మకి ఫోన్ చేశాను. ఇంకో రోజే కదా, ఉండండి అంది. పెద్దాయన దగ్గరికి వెళ్లి ఇంకో రాత్రి అంటే, నవ్వి పుస్తకంలో తేదీ దిద్దాడు.

ఆ మూడో రాత్రే వాళ్ల నాన్న సంగతి చెప్పింది. దీపం ఆర్పేశాక, కిటికీ తెరిచి, చలికి దుప్పటి ఇద్దరం కప్పుకుని. చాప మీద పడుకుని మంచం కింద నుంచి వాళ్లమ్మ పాదాలు చూస్తూ ఉండేదట, అమ్మ ఏడుస్తోందో లేదో ఆ పాదాల కదలిక బట్టి తెలిసేదట. పన్నెండో రోజున నాన్నని బండిలో ఇంటికి తీసుకొచ్చేశారు, ఇంక మందులు వద్దన్నారు. అప్పటి నుంచి బరంపురం పేరు ఎవరన్నా చెవులు మూసుకోవాలనిపించేదట. "ఇప్పుడు ఈ ఊరు పేరు వింటే ఆ అప్పడాల డాబా గుర్తొస్తుందిలెండి" అంది. మంచి హోటల్లో అయితే ఈ మాట వచ్చేది కాదని నేను అనను. కానీ మంచి హోటల్ కోసం ఆగి ఉంటే ఇంకెన్నేళ్లు ఇది ఆమెలోనే ఉండేదో తలుచుకుంటే భయమేస్తుంది.

మూడు రోజులకీ రైలు, గది, తిండి, గోపాల్‌పూర్ అన్నీ కలిపి, పోయిన మూడు వందలతో సహా, ఆరు వేలు దాటలేదు.

మీ పెళ్లిరోజు ఫాల్గుణంలో కదా. ఆ లోపే వెళ్లిరండి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠకురాణీ జాతర వస్తుంది, అది ఉన్న ఏడు ఆ నెలలో ఊళ్లో గది దొరకడం కష్టం. పిల్లల్ని మా ఇంట్లో వదిలెయ్యండి, అమ్మ ఉంది, నేనూ ఉన్నాను. పెద్దాయన నంబరు నా దగ్గర ఉంది, మేడ మీద మూల గదే కావాలని నేను మాట్లాడి పెడతాను. దుప్పటి మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్లు. చెల్లెమ్మకి అప్పడాలు రెండు కట్టలు విడిగా తీసి ఉంచింది మీ చెల్లెలు, ఈసారి వచ్చేవాళ్లెవరి చేతికైనా ఇచ్చి పంపిస్తాం. తేదీ చెప్పు.

నీ బావ