పెళ్లి మా మామిడితోటలో, ఆల్బమ్ ఎవరిదో కోటలో

మేనేజర్ గారికి,
తిరుపతి.

విషయం: మే నెలలో పూతలపట్టు దగ్గర మా తోటలో జరిగిన పెళ్లికి మీరు తీసిన ఫొటోలు, ఇచ్చిన ఆల్బమ్ గురించి ఫిర్యాదు.

నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆల్బమ్ ఇంటికి చేరింది. మా అవ్వ కళ్లద్దాలు తుడుచుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని నాలుగు పేజీలు తిప్పింది. అయిదో పేజీ దగ్గర ఆగిపోయి, "ఇది ఎవురింటి పెండ్లి మే?" అని నన్ను అడిగింది. ఆ పేజీలో మా చెల్లెలు, మరిది పాలరాతి మెట్ల మీద నిలబడి ఉన్నారు. వెనకాల పెద్ద కోట, దాని ముందు ఫౌంటెన్, అందులో రెండు హంసలు. నాకు తెలిసినంతలో పూతలపట్టు చుట్టుపక్కల హంసలున్న కోట లేదు.

ఈ పని మీకు అప్పజెప్పింది నేనే కాబట్టి ఇంట్లో మాటలు పడుతున్నదీ నేనే. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఫిబ్రవరిలో మీ ఆఫీసుకు వచ్చి ఏం చెప్పానో గుర్తు చేస్తాను. కల్యాణ మండపం వద్దనుకున్నాం. మా తాత నాటిన తోతాపురి చెట్ల మధ్య, కొబ్బరాకుల పందిరి కింద పెళ్లి. స్టేజీ లేదు, ఎల్ఈడీ తెర లేదు, అందరూ క్యూలో వచ్చి ఫొటో దిగి వెళ్లిపోయే తంతు అసలే లేదు. వచ్చినవాళ్లు చాపల మీద, నులకమంచాల మీద తీరిగ్గా కూర్చుంటారు, పిల్లలు చెట్లెక్కుతారు, మీరు పక్కన ఉండి జరిగింది జరిగినట్టు తీయండి, ఎవరినీ నిలబెట్టొద్దు, నవ్వమని చెప్పొద్దు అన్నాను. "క్యాండిడ్ అంటే అదే కదా మేడమ్" అన్నారు మీవాళ్లు. 1,35,000 రూపాయల ప్యాకేజీ రాసుకున్నాం. పెళ్లికి వారం ముందు వచ్చి స్థలం చూసుకుంటామని మీ ఒప్పంద పత్రంలోనే ఉంది. ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే "లొకేషన్ పంపించండి, చాలు" అన్నారు.

చాలలేదు. మామిడిచెట్టు కింద పగటిపూట ఎండ ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతుంది. ముక్కు మీద తెల్లటి మచ్చ, కళ్లు చీకట్లో. పైగా ఆకుల పచ్చదనం ముఖానికి కొడుతుంది. ఇది తెలియడానికి కెమెరా కోర్సు చేయక్కర్లేదు, పండగలకు ఆ చెట్ల కింద సెల్‌ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసినా తెలుస్తుంది. ముందే ఒకరు వచ్చి చూసి, "చాపలు ఈ పక్క వేయించండమ్మా, ఇక్కడ నీడ సమంగా ఉంది" అని ఉంటే మా నాన్న ఆనందంగా వేయించేవాడు. ఇప్పుడు ఆల్బమ్‌లో మా పెదనాన్న ముఖం చిరుతపులి చర్మంలా ఉంది.

ముహూర్తం సంగతి ఇంకో రకం. మా వైపు చాలా పెళ్లిళ్లలాగే తెల్లవారుజామున పెట్టుకున్నాం, సరిగ్గా పొద్దు పొడిచే వేళకు. చింతచెట్టు వెనక ఆకాశం ఎర్రబడుతోంది, పందిరి గుంజలకు కట్టిన అరటిచెట్ల ఆకుల మీద ఇంకా మంచు తడి ఉంది. మీ పెద్ద ఫొటోగ్రాఫర్ గారు రెండు ఎల్ఈడీ లైట్లు తెచ్చి వధూవరుల ముఖాల మీదికి సూటిగా తిప్పారు. ముఖాలు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి, వెనకున్నదంతా నల్లబడిపోయింది. బయట తెల్లారుతుంటే మీ ఫొటోల్లో అర్ధరాత్రి. అది చాలక, జీలకర్ర బెల్లం పెట్టగానే "సార్, ఒక్కసారి చెయ్యి తీసి మళ్లీ పెట్టండి" అన్నారు. తాళి కట్టేటప్పుడు మూడో ముడి మళ్లీ వేయమన్నారు. "వేసిన ముడి విప్పిస్తావా నాయనా?" అని పురోహితుడు గారు మైకులోనే అనేశారు. జనం నవ్వారు గానీ, మా నాన్న నవ్వలేదు.

తలంబ్రాల వేళ మీ డ్రోన్ పందిరి మీదికి మరీ కిందికి దిగింది. ఆ రొదకు నాదస్వరం వినబడలేదు. కొట్టంలో జెర్సీ ఆవు బెదిరి పలుపు తెంచుకుని చెరుకు చేలో పడింది. పెళ్లిబట్టల్లో ఉన్న మా చిన్నాన్న దాని వెంట పరుగెత్తాడు. (నిజం చెప్పాలంటే మీరు తీయాల్సిన ఫొటో అది.) ఆ డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య ఉందా అని అడిగితే మీ కుర్రాడు ఆఫీసులో అడగమన్నాడు. 2021 డ్రోన్ నిబంధనల కింద అది ఉండాలి కాబట్టి ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను నిజంగా బాధపెట్టింది వేరే ఉంది.

పందిట్లోకి తీసుకెళ్లే ముందు అవ్వ చెల్లెల్ని నులకమంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. దీపం సెమ్మె మసిని ఉంగరపు వేలితో తీసి, చెల్లెలి ఎడమ బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టింది. వేలు వణికి చుక్క కొంచెం సాగింది. అవ్వ కొంగు తడిచేసి తుడవబోయి, మళ్లీ ఎందుకో ఊరుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరూ చెప్పకుండానే మీ రెండో కెమెరా అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని అది తీశాడు. తీసి, నాకు కెమెరా వెనక తెరలో చూపించాడు కూడా. లైటు లేదు, ఏమీ లేదు, పక్కనుంచి వచ్చే తొలి వెలుగు మాత్రమే. ఆ ఒక్క ఫొటో చూసి, మీకిచ్చిన డబ్బు దండగ కాలేదనుకున్నాను.

మీరిచ్చిన పెన్‌డ్రైవ్‌లో 412 ఫొటోలున్నాయి. అందులో అది లేదు. మూడుసార్లు వెతికాను. మిగతా ఫొటోల్లో చెల్లెలి బుగ్గ మీద చుక్కే లేదు. మీ ఎడిటర్ దాన్ని మొటిమనుకుని చెరిపేసినట్టున్నాడు. తలంబ్రాల ఫొటోలో అవ్వ మంచం కోడు కనిపిస్తోంది, అవ్వ లేదు. ఫోన్ చేస్తే "పెద్దావిడ చీర కలర్ ఫ్రేమ్‌లో కలవలేదు మేడమ్, బ్యాక్‌గ్రౌండ్‌లో కొట్టం, పేడదిబ్బ ఉన్నాయి, అందుకే మార్చాం, కస్టమర్లు ఇలాగే ఇష్టపడతారు" అని సమాధానం. మోటారు కొట్టం గోడకు సున్నం వెలిసిపోయిన మాట నిజమే. పేడదిబ్బ ఉన్న మాటా నిజమే. పాడి ఉన్న ఇంట్లో ఉండక ఎక్కడుంటుంది?

నాకు కావలసినవి చెబుతాను. తీసిన ఫొటోలన్నీ, ముఖ్యంగా రెండో కెమెరావి, దిద్దకముందు ఉన్న రా ఫైళ్లతో సహా ఇవ్వండి. రా ఫైలు ఉంటే ఆ పచ్చ ముఖాల రంగయినా తెలిసినవాళ్ల చేత సరిచేయించుకుంటాం. వాటికి విడిగా 20,000 అడిగారు మీరు. "మొత్తం ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వబడును" అని ఒప్పందంలో రాసింది మీరే కాబట్టి ఆ డబ్బు ఇవ్వను. కార్డులు, హార్డ్‌డిస్క్ ఖాళీ చేయకుండా వెంటనే ఆపించండి. ఆల్బమ్ మళ్లీ వేయండి. కోటలు, హంసలు తీసేసి మా చెట్లు, మా కొట్టం, మా మనుషులు ఉండాలి. ఫొటోలు ఏరి నేనిస్తాను. ఇంకా 25,000 మీకు బాకీ ఉన్నాం, కొత్త ఆల్బమ్ చేతికొచ్చిన రోజే ఇస్తాను. ఇంకొక మాట, ఈ గొడవలో ఆ రెండో కెమెరా అబ్బాయిని ఏమీ అనకండి. బంతి భోజనాల దగ్గర ఓళిగ మీద నెయ్యి పోస్తున్న ఫొటో, చెట్టు మీంచి బేనీషా కాయ కోసి కిందికి విసురుతున్న మా అక్క కొడుకు ఫొటో, బాగున్నవన్నీ అతనివే.

మీ ఒప్పందం చివర చిన్న అక్షరాల్లో "వివాదాలు తిరుపతి కోర్టుల పరిధిలో మాత్రమే" అని ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను కాపురముండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, తర్వాత చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. వాట్సాప్ మెసేజ్‌లు, ఒప్పందం, ఆ హంసల పేజీ, అన్నీ దాచి ఉంచాను.

దిష్టి చుక్క ఫొటోకు మాత్రం 15 రోజులు ఆగక్కర్లేదు. అది ఈ రోజే నా నంబరుకు పంపండి, దేన్నీ చెరపకుండా.

ఇట్లు,
పెళ్లికూతురి అక్క,
చిత్తూరు.

తా.క.: పాత ఆల్బమ్ తీసుకెళ్లడానికి మనిషిని పంపేటట్టయితే పొద్దున 9 దాటాక పంపండి. అంతకుముందు పాలు పితికే పనిలో ఉంటాం.