4వ నంబరు పంపు నాజిల్ మాటిమాటికీ ఆగిపోవడంపై ఫిర్యాదు

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

నమస్కారములు.

నేను ఆరేళ్లుగా మీ సంస్థ నడుపుతున్న ఒకే బంకులో నా కారుకు పెట్రోలు నింపుకుంటున్నాను. ఇంతకాలంలో మీకు ఫిర్యాదు రాయవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు రాస్తున్న ఇబ్బందులు ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవేనని నాకు తెలుసు. అయితే అవి వారం వారం తప్పకుండా ఎదురవుతున్నాయి, బంకు సిబ్బందికి రెండుసార్లు చెప్పినా, ఫిర్యాదుల పుస్తకంలో ఒకసారి రాసినా ఏ మార్పూ రాలేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

అసలు సమస్య 4వ నంబరు పంపు నాజిల్‌ది. ట్యాంకు మూత తీసి, నాజిల్‌ను చివరి వరకు పెట్టి మీట నొక్కగానే పెట్రోలు మామూలుగానే మొదలవుతుంది. రెండు మూడు లీటర్లు పడీపడకముందే టక్కుమని శబ్దం చేసి ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ రెండు లీటర్లు, మళ్లీ టక్కు. కిందటి నెలలో ఒక ఉదయం ఓపిక పట్టి లెక్కపెట్టాను: 32 లీటర్లు నింపడానికి మీటను 14 సార్లు నొక్కవలసి వచ్చింది. నా వెనుక నిలిచిన రెండు కార్లవాళ్లు నేనేదో కావాలని ఆలస్యం చేస్తున్నాననుకుని హారన్ కొట్టారు.

ఈ విషయం చెప్పినప్పుడు మీ సిబ్బంది ఇచ్చిన సమాధానం, "కాస్త మెల్లగా నొక్కండి" అని. మెల్లగా నొక్కి చూశాను. మీట సగం వరకే నొక్కి పట్టుకుంటే ఆగడం కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, పైగా నింపడానికి పట్టే సమయం రెట్టింపవుతుంది. నాజిల్‌ను కొంచెం బయటికి లాగి, పక్కకు తిప్పి కూడా చూశాను. లోపం నా కారులోనే ఉందేమోనన్న అనుమానంతో మెకానిక్‌కు చూపించాను. ట్యాంకులోంచి గాలి బయటికి పోయే గొట్టం మూసుకుపోతే ఇలాగే జరుగుతుందని చెప్పి, దాన్ని పరీక్షించి, ఏ అడ్డూ లేదని ఆయన తేల్చారు. అదే కారుకు, అదే వారంలో, వేరే పంపు దగ్గర ఒక్క నొక్కుతో ట్యాంకు నిండింది. కాబట్టి లోపం నా చేతిలోనూ లేదు, కారులోనూ లేదు.

నాజిల్ తనంతట తాను ఆగే ఏర్పాటు ఎందుకు పెట్టారో నాకు తెలుసు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. నాజిల్ కొన దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ దాని గుండా గాలి లోపలికి వెళుతూ ఉంటుంది. ట్యాంకు నిండి పెట్రోలు ఆ రంధ్రాన్ని కప్పేయగానే గాలి అందక లోపలి పీడనం పడిపోతుంది, ఆ మార్పుకు లోపలున్న పలుచటి పొర కదిలి మీట పట్టును విడిపిస్తుంది. కరెంటుతో పనిలేకుండా నడిచే ఎంతో తెలివైన ఏర్పాటు ఇది. కానీ ఆ రంధ్రంలో మట్టి చేరినా, లోపలి పొర పాడైనా, పంపు వేగం ఎక్కువై పెట్రోలు ట్యాంకు గొట్టంలోంచి పైకి చిమ్మినా, ట్యాంకు నిండకముందే నాజిల్ ఆగిపోతుంది. ఈ మూడింటిలో మీ పంపు లోపం ఏదో తేల్చవలసింది మీ సాంకేతిక సిబ్బందే తప్ప వినియోగదారు కాదు.

వేరే పంపు దగ్గరికి వెళ్లవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నా కారుకు ట్యాంకు మూత కుడివైపున ఉంది. ఆ వైపు నుంచి నింపుకునేలా మీ బంకులో ఉన్నవి రెండే పంపులు, వాటిలో రెండోది చాలాకాలంగా 'పనిచేయదు' అన్న కాగితం అంటించుకుని ఉంది. నాకు ఒక్క నొక్కుతో పెట్రోలు పోసిన పంపు ఎడమ వరుసలోనిది. దాని గొట్టాన్ని కారు మీదుగా లాగి, మూతను అతికష్టం మీద అందుకుని నింపుకున్నాను. ఆ గొట్టం నిగడదన్నుకుపోయి డిక్కీ రంగుకు రాసుకున్న గీత ఇప్పటికీ అలాగే ఉంది. అంతకన్నా ముఖ్యంగా, గొట్టాన్ని అలా బలవంతంగా సాగదీస్తే దాని అతుకుల మీద భారం పడుతుంది, అది ఎవరికీ మంచిది కాదు. డ్యాష్‌బోర్డు మీద పెట్రోలు ముల్లు పక్కన ట్యాంకు మూత ఏ వైపు ఉందో చెప్పే చిన్న బాణం గుర్తును 1986లో ప్రతిపాదించినది ఫోర్డ్ సంస్థ ఇంజనీరు జిమ్ మోయ్లాన్. వానలో కారును తప్పు వైపు ఆపి తడిసిపోయిన అనుభవం నుంచి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. అంత చిన్న అసౌకర్యాన్ని కూడా పట్టించుకున్న మనిషి ఉన్నందువల్ల ఈ రోజు మనం సరైన వైపు కారు ఆపగలుగుతున్నాం. అలా ఆపాక అక్కడ పనిచేసే పంపు ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

ఈ లేఖ రాయడానికి నన్ను తొందరపెట్టిన కారణం మా అమ్మ. ఆమెకు 68 ఏళ్లు, తన కారు తానే నడుపుకుంటుంది. చేతివేళ్ల కీళ్లనొప్పుల వల్ల ఆమెకు మీటను గట్టిగా పట్టి ఉంచడమే కష్టం. ఒకసారి నొక్కితే పట్టి ఉంచే కొక్కెం మీ నాజిల్ మీద లేదు. భద్రత కోసమే తీసేశారంటే ఒప్పుకుంటాను. కానీ కొక్కెం లేనప్పుడు, నాజిల్ ఒక్క నొక్కుతో చివరి వరకు పోయాలి. పది పన్నెండుసార్లు నొక్కి, నొప్పి భరించలేక సగం ట్యాంకుతోనే వెనుదిరిగి వచ్చిన రోజు ఆమె నాతో ఏమీ అనలేదు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది, అంతే.

నాజిల్‌ను వెనక్కి తీసేటప్పుడు పెట్రోలు చుక్కలు కారడం, చేతులు తుడుచుకునే కాగితం పెట్టె ఎప్పుడూ ఖాళీగా ఉండటం, రసీదు యంత్రం 'రసీదు కావాలా' అని అడిగి ఏమీ ఇవ్వకపోవడం కూడా ఉన్నాయి. ఇవి బంకు నిర్వాహకులు ఒక పూటలో సరిచేయగల పనులు.

నేను కోరుతున్నది ఇది: 4వ నంబరు నాజిల్‌ను సాంకేతిక నిపుణుల చేత పరీక్షించి బాగుచేయించండి, లేదా మార్పించండి. పాడైన రెండో పంపు ఎప్పటికి పనిచేస్తుందో తేదీ చెప్పండి. తీసుకున్న చర్యను 15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా నాకు తెలియజేయండి. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అన్న సందేశం నాకు ఇదివరకే ఒకసారి వచ్చింది. ఈసారి ఆ పంపును చూసిన మనిషి రాసిన జవాబు కావాలి. మీ నిపుణులు వచ్చే రోజు ముందుగా చెబితే, నా కారుతో సహా అక్కడికి వచ్చి లోపాన్ని స్వయంగా చూపిస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
మీ బంకు వినియోగదారురాలు